‘ఒరిజినల్ ఇన్‌స్టాల్ డేట్’ నిజంగా ఒరిజినలేనా? కంప్యూటర్‌లో ఓఎస్ ఎప్పుడు మారిందో తెలిసేదెలా

క్లుప్తంగా: విండోస్ చూపించే ఇన్‌స్టాల్ తేదీ కంప్యూటర్ కొన్న తేదీ కాదు. అందులో మొట్టమొదట విండోస్ వేసిన తేదీ కూడా కానక్కర్లేదు. ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) చివరిసారి మొత్తంగా మారిన రోజు అది. అంతకు ముందు ఎప్పుడెప్పుడు మారిందో, విండోస్ తన సెట్టింగులన్నీ రాసుకునే రిజిస్ట్రీలో వేరే చోట రాసి ఉంటుంది. కొన్ని అప్‌గ్రేడ్‌లు మాత్రం ఆ తేదీని అసలు కదపవు. మ్యాక్‌లో, లైనక్స్‌లో పద్ధతి వేరు.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. ఆ తేదీకి కాస్త అటూ ఇటూగా చాలా ఇళ్లలో, ఆఫీసుల్లో విండోస్ 11 ఎక్కించుకున్నారు. మెషిన్ పాతదై విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ గానీ తగిన ప్రాసెసర్ గానీ లేనివాళ్లు, 2026 అక్టోబర్ 13 వరకూ సెక్యూరిటీ అప్‌డేట్లు వచ్చే పొడిగింపు పథకంలో చేరి ఉన్నదాంతోనే నెట్టుకొస్తున్నారు. ఈ హడావిడి సద్దుమణిగాక ఎక్కువమందికి వస్తున్న సందేహం ఒకటుంది. నాలుగైదేళ్ల కిందట కొన్న ల్యాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ తేదీ చూస్తే మొన్నమొన్నటి నెల కనిపిస్తోంది, మరి సర్వీసుకి ఇచ్చినప్పుడు ఎవరైనా ఫార్మాట్ కొట్టేశారా, డిస్క్ మార్చేశారా అని టెన్షన్. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లది దీనికి తిరగేసిన సమస్య. ‘చూడండి, ఇన్‌స్టాల్ అయ్యిందే ఈ ఏడాది’ అని స్క్రీన్ చూపిస్తే మెషిన్ కొత్తదే కాబోలు అనుకుని ధర ఒప్పుకుంటారు.

రెండు చోట్లా గందరగోళానికి మూలం ఒకటే, ఆ తేదీకి పెట్టిన పేరు. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘సిస్టమ్ ఇన్ఫో’ అన్న మాటల్ని మధ్యలో ఖాళీ వదలకుండా ఇంగ్లిష్‌లో టైప్ చేసి ఎంటర్ కొడితే వచ్చే జాబితాలో ఆ వరుసకి ‘ఒరిజినల్ ఇన్‌స్టాల్ డేట్’ అని పేరు ఉంటుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్‌లోకి, అక్కడి నుంచి అబౌట్‌లోకి వెళ్తే అదే తేదీ ‘ఇన్‌స్టాల్డ్ ఆన్’ అని కనిపిస్తుంది. ఒరిజినల్ అన్న మాట చూడగానే మొట్టమొదటిది అనుకోవడం ఎవరికైనా సహజమే, తప్పు చదివేవాళ్లది కాదు.

తేదీ ఎందుకు మారిపోతుంది

విండోస్ 10, 2015 జులై 29న వచ్చినప్పటి నుంచి విండోస్‌కి అప్‌డేట్ చేరే దారులు ప్రధానంగా మూడు. వీటి మధ్య తేడా తెలిస్తే మిగతా చిక్కు చాలావరకు విడిపోతుంది.

ప్రతి నెలా వచ్చే అప్‌డేట్ మొదటిది. ఉన్న ఇంటికి సున్నం వేయించి, విరిగిన కిటికీ రెక్క మార్చినట్టు, అది మారాల్సిన ఫైళ్లను మాత్రం మారుస్తుంది. ఇన్‌స్టాల్ తేదీ జోలికి పోదు.

రెండోది పెద్ద అప్‌గ్రేడ్. విండోస్ 7 నుంచి 10కి వెళ్లడం, 10 నుంచి 11కి వెళ్లడం, 11లోనే 23హెచ్2 వెర్షన్ నుంచి 24హెచ్2కి వెళ్లడం ఈ కోవలోకి వస్తాయి. బయటికి చూస్తే ‘అప్‌డేట్ అవుతోంది, ఆపకండి’ అన్న నీలం తెరే గానీ, లోపల జరిగేది ఇల్లు మార్చడమే. సెటప్ ప్రోగ్రామ్ ఒక కొత్త విండోస్‌ను మొత్తంగా పేర్చుతుంది, పాత విండోస్ ఫోల్డర్‌ను ‘విండోస్.ఓల్డ్’ అనే పేరు కిందికి జరుపుతుంది, మీ ఫైళ్లు, సెట్టింగులు, ప్రోగ్రాములు ఒక్కొక్కటీ కొత్త ఇంట్లోకి మోసుకొచ్చి సర్దుతుంది. వాల్‌పేపర్‌తో సహా అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి కాబట్టి ఇల్లు మారిందని వాడేవాళ్లకి తెలియదు. కానీ విండోస్ దృష్టిలో ఇది కొత్త ఇన్‌స్టలేషనే, అందుకే ఆ రోజు తేదీ వేసుకుంటుంది. నాలుగేళ్ల ల్యాప్‌టాప్‌లో పోయిన నెల తేదీ కనిపించడానికి కారణం చాలాసార్లు ఇదే, ఫార్మాట్ కాదు.

మూడో దారి గురించి తెలిసినవాళ్లు తక్కువ, తికమక మాత్రం ఎక్కువగా పెట్టేది ఇదే. కొన్ని వెర్షన్లకి కావలసిన కొత్త సరుకంతా నెలవారీ అప్‌డేట్లతోనే ముందుగా మెషిన్‌లోకి చేరిపోయి, తాళం వేసిన గదిలో సామాను పెట్టినట్టు నిద్రాణంగా ఉంటుంది. వెర్షన్ విడుదలయ్యే రోజు మైక్రోసాఫ్ట్ ఒక చిన్న ప్యాకేజీ పంపుతుంది, అది తాళం తీస్తుంది, ఒక్క రీస్టార్ట్‌తో వెర్షన్ నంబర్ మారిపోతుంది. దీన్ని ఎనేబుల్‌మెంట్ ప్యాకేజీ అంటారు. విండోస్ 10లో 1903 వెర్షన్ మీద 1909 వచ్చింది ఇలాగే (ఇవి ఏళ్లు కావు, వెర్షన్ నంబర్లు). 2020 మే నెలలో వచ్చిన 2004 వెర్షన్ మీద 20హెచ్2, 21హెచ్1, 21హెచ్2, 22హెచ్2 అన్నీ ఇలాగే వచ్చాయి. విండోస్ 11లో 22హెచ్2 మీద 23హెచ్2, 24హెచ్2 మీద 25హెచ్2 కూడా ఇంతే. ఇల్లు మారలేదు కాబట్టి ఇక్కడ ఇన్‌స్టాల్ తేదీ కూడా మారదు.

దీనివల్ల ఏమవుతుందంటే, ఒకే ఆఫీసులో పక్కపక్కన రెండు మెషిన్లు ఒకే వారంలో 25హెచ్2కి మారినా, 24హెచ్2 నుంచి వెళ్లినదానిలో పాత తేదీ అలాగే ఉండిపోతుంది, విండోస్ 10 నుంచి నేరుగా వెళ్లినదానిలో కొత్త తేదీ పడుతుంది. మొదటిదాని అప్‌గ్రేడ్ విఫలమైందని కంగారు పడనక్కర్లేదు. ఇన్‌స్టాల్ తేదీ, వెర్షన్ నంబర్ వేర్వేరు విషయాలు, ఒకటి చూసి రెండోది ఊహించడం కుదరదు.

పాత తేదీలు దాగి ఉండే చోటు

అయితే పాత తేదీలన్నీ చెరిగిపోతాయా అంటే, లేదు. పెద్ద అప్‌గ్రేడ్ జరిగిన ప్రతిసారీ విండోస్ తన పాత రూపం వివరాలు కొన్నింటిని రిజిస్ట్రీలో ఒక మూల రాసి పెడుతుంది. రిజిస్ట్రీ ఎడిటర్ తెరిచి, లోకల్ మెషిన్ శాఖ కింద ‘సిస్టమ్’, దాని కింద ‘సెటప్’ చూస్తే, అప్‌గ్రేడ్ అయిన మెషిన్లలో ‘సోర్స్ ఓఎస్’ అని మొదలయ్యే కీలు (రిజిస్ట్రీలో ఫోల్డర్ల లాంటివి) కనిపిస్తాయి. పేరులోనే బ్రాకెట్లలో ‘అప్‌డేటెడ్ ఆన్’ అని ఒక తేదీ, సమయం ఉంటాయి. చూసి బయటికి రావాలి తప్ప అక్కడ దేన్నీ మార్చకూడదు, చెరపకూడదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక ల్యాప్‌టాప్‌లో ఇలాంటి కీలు రెండున్నాయి. మొదటిదాని పేరులో 6/12/2020 అనీ, రెండోదాని పేరులో 11/2/2025 అనీ ఉంది. మొదటి కీ తెరిస్తే లోపల బిల్డ్ నంబర్ (ఏ వెర్షనో చెప్పే అంకె) 18363, అంటే 1909 వెర్షన్, దాని ఇన్‌స్టాల్ తేదీ 2019 డిసెంబర్. రెండో కీ తెరిస్తే బిల్డ్ 19045, అంటే విండోస్ 10లో చివరిదైన 22హెచ్2, ఇన్‌స్టాల్ తేదీ మాత్రం 2020 జూన్. ఈ రెండూ కలిపి చదివితే మొత్తం కథ బయటపడుతుంది. 2019 డిసెంబర్‌లో ఆ మెషిన్‌లో విండోస్ 10 కూర్చుంది, 2020 జూన్ 12న పెద్ద అప్‌గ్రేడ్ జరిగి 2004 వెర్షన్ వచ్చింది, ఆ తరవాత నాలుగు వెర్షన్లు చిన్న ప్యాకేజీల రూపంలో వచ్చి తేదీని కదపకుండా వెళ్లిపోయాయి, 2025 నవంబర్ 2న విండోస్ 11 ఎక్కింది. సెట్టింగ్స్‌లో కనిపించేది చివరి తేదీ ఒక్కటే.

గుర్తుంచుకోవాల్సింది, కీ పేరులోని తేదీ ఆ పాత విండోస్ వెళ్లిపోయిన రోజు, కీ లోపలి తేదీ అది వచ్చిన రోజు. ఈ రెంటినీ కలిపేసుకుంటే లెక్క ఒక మెట్టు జరిగిపోతుంది. ఇంకో చిక్కు, ఆ పేర్లలో మామూలుగా అమెరికా పద్ధతిలో నెల ముందు, రోజు తరవాత ఉంటుంది. విండోస్ 11 విడుదలైన రోజు 10/5/2021 అని రాసి ఉంటే మనవైపు అలవాటు ప్రకారం మే 10 అని చదివేస్తాం. అది అక్టోబర్ 5.

డిస్క్ చెరిపి కొత్తగా విండోస్ వేస్తే, అంటే నిజంగానే ఫార్మాట్ కొడితే, ఈ కీలు ఉండవు. కాబట్టి పై టెన్షన్‌కి తేలికైన పరీక్ష ఇక్కడే ఉంది. ఇన్‌స్టాల్ తేదీ కొత్తగా ఉండి సోర్స్ ఓఎస్ కీలు కనిపిస్తే అది అప్‌గ్రేడ్. కీలు లేకపోతే చెరిపి వేసి ఉండొచ్చు, లేదా ఆ మెషిన్‌కి ఇంతవరకూ పెద్ద అప్‌గ్రేడే రాకపోయి ఉండొచ్చు.

పది అంకెల సంఖ్య

రిజిస్ట్రీలో ఇన్‌స్టాల్ తేదీ అని ఉన్నచోట తేదీ కనిపించదు, పెద్ద సంఖ్య ఒకటి కనిపిస్తుంది. మొదట హెక్సాడెసిమల్ రూపం, పక్కన బ్రాకెట్లో మామూలు అంకెలు. ఉదాహరణకి 1700000000. ఇది 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్ల లెక్క. రోజుకి 86,400 సెకన్లు కాబట్టి భాగిస్తే 19,675 పూర్తి రోజులు, పైన 80,000 సెకన్లు వస్తాయి. 1970 జనవరి 1కి 19,675 రోజులు కలిపితే 2023 నవంబర్ 14. మిగిలిన 80,000 సెకన్లంటే 22 గంటల 13 నిమిషాల 20 సెకన్లు. ఇది గ్రీనిచ్ కాలమానం. మన కాలమానానికి అయిదున్నర గంటలు కలపాలి, అప్పుడది నవంబర్ 15 తెల్లవారుజామున 3 గంటల 43 నిమిషాల 20 సెకన్లు అవుతుంది. తేదీయే మారిపోయింది.

అమెరికా నుంచి పిల్లలు తెచ్చి ఇచ్చిన ల్యాప్‌టాప్‌లు మన ఇళ్లలో తక్కువేం కాదు. వాటిలో టైమ్ జోన్ అక్కడిదే ఉంచేస్తే సిస్టమ్ ఇన్ఫో ఇదే సంఖ్యను నవంబర్ 14 అని చూపిస్తుంది, జోన్ భారత్‌కి మారిస్తే 15 అంటుంది. సంఖ్య మారలేదు, చదివిన తీరు మారింది. దీనికి తోడు విండోస్ 10 నుంచి ‘ఇన్‌స్టాల్ టైమ్’ అని ఇంకో విలువ కూడా పక్కనే ఉంటుంది, అది 1601 జనవరి 1 నుంచి సెకనులో కోటో వంతుల్లో లెక్క. దాన్ని పై పద్ధతిలో భాగిస్తే అర్థం లేని తేదీ వస్తుంది.

అక్కడే ఇంకో వింత ఉంది. విండోస్ 11 ఉన్న మెషిన్‌లో కూడా రిజిస్ట్రీలో ప్రొడక్ట్ నేమ్ అన్నచోట విండోస్ 10 అనే ఉంటుంది. పేరు చూసి అప్‌గ్రేడ్ కాలేదనుకోవద్దు, బిల్డ్ నంబర్ చూడాలి. 22000, ఆపైన ఉంటే విండోస్ 11.

నమ్మదగినట్టు కనిపించే మిగతా ఆనవాళ్లు

చాలామంది మొదట వెతికేది అప్‌డేట్ హిస్టరీ పేజీలో. నెలవారీ అప్‌డేట్లకి అది బాగానే పనికొస్తుంది గానీ, పెద్ద అప్‌గ్రేడ్ జరిగినప్పుడు అంతకు ముందు జాబితా ఖాళీ అయిపోతుంది. పైగా అప్‌డేట్ మొరాయించినప్పుడు మెకానిక్‌లు మొట్టమొదట చేసేది ‘సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్’ అనే ఫోల్డర్ ఖాళీ చేయడం, ఆ దెబ్బకి కూడా చరిత్ర పోతుంది. జాబితా చిన్నదిగా ఉన్నంత మాత్రాన మెషిన్ కొత్తది అయిపోదు.

విండోస్.ఓల్డ్ ఫోల్డర్ ఉంటే అప్‌గ్రేడ్ ఈమధ్యే జరిగిందని అర్థం. పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లే అవకాశం మొదట్లో 30 రోజులుండేది, 2016లో వచ్చిన యానివర్సరీ అప్‌డేట్ నుంచి 10 రోజులకి తగ్గించారు. గడువు దాటాక విండోసే ఆ ఫోల్డర్‌ను తీసేస్తుంది. సెటప్ ప్రోగ్రామ్ రాసుకున్న లాగ్ ఫైళ్లు మాత్రం విండోస్ ఫోల్డర్‌లో ‘పాంథర్’ అనే ఉపఫోల్డర్‌లో ఆ తరవాత కూడా ఉంటాయి. అప్‌గ్రేడ్ ఏ నిమిషంలో మొదలై ఏ దశలో ఎంతసేపు ఆగిందో వరుసవారీగా కావాలంటే చూడాల్సింది వాటినే.

బయాస్ (మెషిన్ ఆన్ చేయగానే ముందుగా నడిచే ప్రోగ్రామ్) పక్కన కనిపించే తేదీని కూడా కొందరు మెషిన్ పుట్టిన రోజు అనుకుంటారు. అది ఆ బయాస్ వెర్షన్ తయారైన తేదీ, బయాస్ అప్‌డేట్ చేస్తే మారుతుంది.

మ్యాక్‌లో, లైనక్స్‌లో

ఈ విషయంలో మ్యాక్ తేలిక. సిస్టమ్ రిపోర్ట్‌లో సాఫ్ట్‌వేర్ కింద ‘ఇన్‌స్టలేషన్స్’ అని ఉంటుంది, ఏ వెర్షన్ ఏ తేదీన పడిందో అక్కడ వరసగా కనిపిస్తుంది. ఈ జాబితా లైబ్రరీలోని ఒక చరిత్ర ఫైలు నుంచి వస్తుంది, అప్‌గ్రేడ్ జరిగినా ఆ ఫైలు నిలిచే ఉంటుంది కాబట్టి పాత తేదీలు కూడా దొరుకుతాయి. సిస్టమ్ ఫైళ్ల తేదీలు చూసి ఊహించడం మాత్రం పనికిరాదు. 2020లో వచ్చిన బిగ్ సర్ నుంచి సిస్టమ్ భాగమంతా ఆపిల్ సీలు వేసి పంపే ముక్క, వాడేవాళ్లు మార్చడానికి వీల్లేదు, ఆ ఫైళ్ల మీది తేదీలు ఆపిల్ దగ్గర పడినవే.

లైనక్స్‌లో అప్‌గ్రేడ్ స్వభావమే వేరు. లైనక్స్‌లో ఒక రకమైన ఉబుంటులో 22.04 వెర్షన్ నుంచి 24.04కి వెళ్లడమంటే కొత్త ఇల్లు కట్టి సామాను మోయడం కాదు, అదే ఇంట్లో ఉంటూనే ఇటుక తరవాత ఇటుక మార్చుకుంటూ పోవడం. వేల ప్యాకేజీలు ఒక్కొక్కటిగా మారతాయి. అందుకే మొదటి ఇన్‌స్టలేషన్ ఆనవాళ్లు చెక్కుచెదరవు. లాగ్‌ల ఫోల్డర్‌లో ‘ఇన్‌స్టాలర్’ అనే ఉపఫోల్డర్ తేదీ మొట్టమొదట ఉబుంటు వేసిన రోజును చెప్తుంది, ‘డిస్ట్ అప్‌గ్రేడ్’ అనే ఉపఫోల్డర్‌లో వెర్షన్ మారినప్పటి లాగ్‌లు ఉంటాయి. రోజువారీ ప్యాకేజీల చరిత్ర రాసే ఏపీటీ లాగ్‌లు నెలకోసారి మడతపడి, మామూలు సెట్టింగుల్లో 12 మాత్రమే మిగులుతాయి కాబట్టి ఏడాది దాటిన సంగతులు అక్కడ దొరకవు. ఇంకో లైనక్స్ అయిన ఫెడోరాలో అయితే, ప్యాకేజీలు చూసుకునే డీఎన్‌ఎఫ్ ప్రోగ్రామ్‌ని హిస్టరీ అడిగితే సరిపోతుంది. డిస్క్ ఈఎక్స్‌టీ4 పద్ధతిలో ఉంటే ఫైల్ సిస్టమ్ ఎప్పుడు తయారైందో కూడా అందులోనే రాసి ఉంటుంది. ఇక్కడా ఒక ఉచ్చు ఉంది. వెర్షన్ పేరు ఉండే ‘ఓఎస్ రిలీజ్’ ఫైలు తేదీ ప్యాకేజీ తయారుచేసిన వాళ్లది, మీరు అప్‌గ్రేడ్ చేసిన రోజుది కాదు.

తేదీయే తప్పయితే

ఇంతవరకూ చెప్పినదంతా ఆ క్షణంలో మెషిన్ గడియారం సరిగ్గా ఉందనే నమ్మకం మీద నడిచింది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటుంటుంది, చాలా డెస్క్‌టాప్‌లలో సీఆర్ 2032 రకం. అది అయిపోతే పవర్ తీసిన ప్రతిసారీ గడియారం ఎప్పటిదో పాత తేదీకి వెళ్లిపోతుంది. ఆ స్థితిలో, ఇంటర్నెట్ లేకుండా విండోస్ వేస్తే ఆ తప్పు తేదీయే ఇన్‌స్టాల్ తేదీగా రాసుకుంటుంది, తరవాత గడియారం సరిచేసినా అది దిద్దుకోదు. విండోస్ 11 ఉన్న మెషిన్‌లో 2021 కంటే ముందు ఏడాది కనిపిస్తే మొదట అనుమానించాల్సింది ఈ బ్యాటరీనే. డిస్క్‌ను ఉన్నదున్నట్టు ఇంకో డిస్క్‌లోకి క్లోన్ చేస్తే తేదీలన్నీ దాంతోపాటే వస్తాయి, నిన్న కొన్న ఎస్‌ఎస్‌డీలో మూడేళ్ల కిందటి ఇన్‌స్టాల్ తేదీ కనిపించేది అందుకే.

ఇదంతా ఇంటి సందేహాలతో ఆగేది అయితే పెద్ద బాధ లేదు. కేసుల్లో కంప్యూటర్ సాక్ష్యంగా వచ్చినప్పుడు దీని బరువు వేరు. గొడవ జరిగిన తరవాతి వారం ఇన్‌స్టాల్ తేదీ పడి ఉంటే, సాక్ష్యం చెరిపేయడానికే కావాలని విండోస్ మళ్లీ వేశారని ఆరోపించడం తేలిక. ఆ వారంలో విండోస్ అప్‌డేట్ తనంతట తానే పెద్ద అప్‌గ్రేడ్ చేసి ఉండొచ్చు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లో సెక్షన్ 63 ఎలక్ట్రానిక్ రికార్డుకి సర్టిఫికెట్ అడుగుతుంది. అందులో రికార్డు ఇచ్చేవాళ్లు నింపే భాగం ఒకటి, నిపుణులు నింపే భాగం ఒకటి, ఆ రికార్డుకి వేలిముద్ర లాంటి హ్యాష్ విలువ కూడా రాయాలి. హ్యాష్ వల్ల తెలిసేది ఆ రికార్డు తరవాత మారలేదని మాత్రమే. అందులో ఉన్న తేదీకి అర్థమేంటో ఏ హ్యాషూ చెప్పదు. దానికి సోర్స్ ఓఎస్ కీలు, పాంథర్ లాగ్‌లు, డిస్క్ ఫార్మాట్ అయిన సమయాన్ని పట్టి ఉంచే ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ డిస్క్‌లో ఫైళ్లు సర్దుకునే పద్ధతి) రికార్డు, ఇవన్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదవాలి. ఒక్క తేదీ పట్టుకుని మనిషి మీద నేరం మోపడం అన్యాయం.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు

సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో అయినా, మీ ఊళ్లో తెలిసినవాళ్ల దగ్గరైనా, వాడిన ల్యాప్‌టాప్ కొంటున్నప్పుడు ఇన్‌స్టాల్ తేదీ వల్ల వయసు తెలియదు. అమ్మేముందు పాత ఓనర్ ఫైళ్లు చెరిపి కొత్తగా విండోస్ వేయడం మంచి పద్ధతే, అలా వేస్తే తేదీ కొత్తగానే ఉంటుంది, అందులో మోసం ఏమీ లేదు. వయసు కావాలంటే మెషిన్ అడుగున ఉన్న సీరియల్ నంబర్‌ను కంపెనీ సైట్‌లో కొట్టి వారంటీ ఎప్పుడు మొదలైందో చూడాలి. విండోస్ ఇచ్చే బ్యాటరీ రిపోర్ట్‌లో తయారైనప్పటి కెపాసిటీ, ఇప్పుడు నిండే కెపాసిటీ పక్కపక్కనే ఉంటాయి. డిస్క్ తన పనితీరు గురించి లోపల తానే రాసుకునే ‘స్మార్ట్’ లెక్కల్లో అది ఎన్ని గంటలు పనిచేసిందో ఉంటుంది, విండోస్ ఎన్నిసార్లు మార్చినా ఆ అంకె తగ్గదు. అక్కడ 9,000 గంటలని ఉంటే, రోజుకి ఎనిమిది గంటల చొప్పున 1,125 రోజులు, అంటే మూడేళ్లకి పైగా రోజూ నడిచిన డిస్క్ అది, సెట్టింగ్స్‌లో పోయిన వారం తేదీ ఉన్నా సరే.